మూడు నాబుల్లో మధ్యది

మా వీధిలో నన్ను జాగ్రత్త గల మనిషి అంటారు. ఎవరింటికైనా కొత్తగా గ్యాస్ కనెక్షన్ వస్తే నన్ను పిలుస్తారు, ఒక్కసారి చూసి వెళ్ళండి పిన్నిగారూ అని. వెళ్తాను. ట్యూబు చూస్తాను, రెగ్యులేటరు చూస్తాను, ఆ ఇంటి కోడలికి నాలుగు మాటలు చెప్పి, ఇచ్చిన కాఫీ తాగి వస్తాను. ఆరేళ్ళుగా ఇదే వరస. మెచ్చుకున్న ప్రతిసారీ ఎవరో నా నెత్తిన ఇంకో ఇటుక పెట్టినట్టుంటుంది.

ఈ సంగతి మావారికి తెలియదు. పిల్లలకి తెలియదు. నాకు తెలిసినవాళ్ళెవరికీ చెప్పలేకపోయాను కాబట్టి, నాకు తెలియని మీకు చెబుతున్నాను. పేరు అడక్కండి. ఊరు మొగల్తూరు దగ్గర, అంతవరకు చాలు.

నా వల్ల ఒక ఆడపిల్ల చెయ్యి కాలింది. అది కావాలని చేసింది కాదు. ఆ తరవాత చేసింది మాత్రం కావాలనే చేశాను. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మెల్లగా చెబుదామని మొదలుపెడితే మధ్యలో నన్ను నేను మంచిదాన్ని చేసేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మావారు రొయ్యల చెరువు వేశారు. రెండు పంటలు బాగా వచ్చాయి. మూడోది తెల్లమచ్చ జబ్బు తగిలి వారంలో మొత్తం చచ్చి తేలింది. ఆ తరవాత ఏడాది తిరక్కుండా నేను మస్కట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషిని. మా వైపు ఆడవాళ్ళు అలా వెళ్ళడం అప్పటికే మామూలైపోయింది, వింతగా చూసినవాళ్ళు లేరు. పిల్లలిద్దర్నీ మా అక్క దగ్గర వదిలాను.

పెద్ద ఇల్లు. ఇంటావిడని మేడమ్ అనేవాళ్ళం. ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, పాకే వయసు నుంచి బడికెళ్ళే వయసు దాకా మనవలు. మేడమ్ చెడ్డ మనిషి కాదు. కానీ నిర్లక్ష్యం అన్న మాట వినబడితే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. నేను చేరిన కొత్తలో ఒక పనిమనిషి ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెళ్ళి తివాచీ కాల్చింది. మూడో రోజున ఆమె విమానం ఎక్కింది. ఆ మూడు రోజులూ ఆమె ఏడుపు నేను పక్క గదిలోంచి విన్నాను. అప్పుడే అనుకున్నాను, ఈ ఇంట్లో నా మీద ఒక్క మాట రాకూడదు అని.

మంగ తరవాత వచ్చింది. మంగతాయారు. ఆత్రేయపురం దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు చిన్నది. అప్పటికి నా నోటికి తెలుగు మాట దొరికి ఏడాదిన్నర అయింది. ఆ పిల్ల సంచీ కింద పెట్టి, "మీదే ఊరండీ?" అనగానే నాకు ఏడుపొచ్చింది. రెండో రోజుకి అండీ పోయి అక్కా అయింది. పదేళ్ళ వయసు నుంచి పూతరేకులు తీసిన పిల్ల. బోర్లించిన కుండ మీద, కింద మంట ఎగదోస్తూ, పల్చటి పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా లాగి, ఆ పొరని మునివేళ్ళతో ఊడదీయడం. క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది, తొందరపడితే చిరిగిపోతుంది. రెండేళ్ళు ఇక్కడ చేసి, వెళ్ళి, సొంతంగా రేకుల పని పెట్టుకుంటానని, నలుగురు ఆడవాళ్ళని పెట్టుకుని తనే చేయిస్తానని రోజూ చెప్పేది. ఆ వేళ్ళతో నిప్పు మీంచి రొట్టెలు తీసేది. పట్టకారు వాడేది కాదు. మేడమ్ మనవలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు.

నాకు అసూయగా ఉండేదా? ఉండేది. కొంచెం. నా వంట రెండేళ్ళు తిన్నారు, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు మరి. కానీ ఆ అసూయ వల్ల చేశానని చెబితే అది అబద్ధం. భయం వల్ల చేశాను. ఒక్క భయమే అని చెబితే జాలి పడతారని, ఆ అసూయ సంగతి కూడా రాసేశాను.

చలికాలం వస్తే వాళ్ళకి డాబా మీద మాంసం కాల్చుకోవడం సరదా. అంతకుముందు బొగ్గుల మీద కాల్చేవాళ్ళు. ఆ ఏడు పెద్దబ్బాయి గ్యాస్‌తో నడిచే బార్బెక్యూ గ్రిల్ కొన్నాడు. నా మొహం, మొదటిసారి చూసినప్పుడు అది బట్టలు దాచుకునే పెట్టె అనుకున్నాను. చక్రాల మీద నిలబడ్డ స్టీలు పెట్టె, పైన బరువైన మూత. మూత ఎత్తితే ఇనప కమ్మీలు, వాటి కింద మూడు బర్నర్లు. ముందువైపు మూడు నాబులు. కింద అరలో సిలిండరు. ఎలా వాడాలో పెద్దబ్బాయి నాకు రెండుసార్లు చేసి చూపించాడు. మూత తెరిచి ఉంచాలి. సిలిండరు తిప్పాలి. మధ్య నాబు తిప్పి వెంటనే లైటరు కొట్టాలి, అది అంటుకున్నాక మిగతా రెండూ. పని అయ్యాక మూడు నాబులూ కట్టేసి, సిలిండరు కట్టేయాలి. మంగకి నువ్వు నేర్పు అన్నాడు. నేర్పాను. మూత సంగతి చెప్పానా? చెప్పాననే గుర్తు. ఇప్పుడు నా గుర్తుల మీద నాకు నమ్మకం లేదు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో సిలిండరు బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని మా అత్తగారు వంట అయిపోయేముందే రెగ్యులేటరు కట్టేయించేది. ట్యూబులో మిగిలిన గ్యాసు కూడా మండిపోవాలి, చుక్క కూడా పోకూడదు. మంట దానంతటది చిన్నదై, నీలంగా వణికి, ఆరిపోయేది. ఆరిపోయాక ఇంక నాబుతో పనేముంది? పైగా మా పొయ్యి నాబులు అరిగిపోయి, తిప్పితే ఊడి చేతిలోకి వచ్చేవి. కాబట్టి వాటిని ఎవరం ముట్టేవాళ్ళం కాదు. ఏళ్ళ తరబడి అవి తిప్పినవి తిప్పినట్టే ఉండేవి. మళ్ళీ పొయ్యి వెలిగించాలంటే ముందు అగ్గిపుల్ల గీసి బర్నరు దగ్గర పట్టుకునేవాళ్ళం, ఆ తరవాత రెండో చేత్తో రెగ్యులేటరు తిప్పేవాళ్ళం. పద్ధతి అదే. మా చుట్టుపక్కల సగం ఇళ్ళల్లో అదే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ గురువారం సాయంత్రం చుట్టాలు ఇరవై మంది దాకా వచ్చారు. గ్రిల్ దగ్గర నేనే ఉన్నాను. మంగ కింద గిన్నెలు తోముతోంది. చివరి వాయి కోడిముక్కలు కాలుతుండగా వంగి సిలిండరు కట్టేశాను. ట్యూబులో మిగిలింది చాలుతుందిలే అనుకున్నాను. ముక్కలు తీశాను. మూడు మంటలూ ఆరాయి. గాలికి ఇసుక పడుతుందని మూత వేశాను. పళ్ళెం తీసుకుని కిందకి వచ్చేశాను.

నాబులు ముట్టలేదు.

మరచిపోయానని అనలేను. మరచిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా. నా చేతులకి అసలు ఆ పని తెలియదు. పెద్దబ్బాయి రెండుసార్లు చూపించాడు, తలూపాను, చేతులు మాత్రం మా అత్తగారి వంటింట్లోనే ఉన్నాయి.

మర్నాడు శుక్రవారం. మగవాళ్ళు మసీదు నుంచి వచ్చేసరికి మాంసం సిద్ధంగా ఉండాలి. మంగని పైకి పంపాను, నువ్వెళ్ళి సిలిండరు తిప్పి ఉంచు అని. ఈ మాట నేనే అన్నాను. వెళ్ళి తిప్పింది. నాబులన్నీ కట్టే ఉంటాయనుకుంది, అలా అనుకోవడం తప్పెలా అవుతుంది? మళ్ళీ కిందకి వచ్చి మాంసం పళ్ళెం, లైటరు తీసుకుని వెళ్ళింది. మధ్యలో నేనే ఆపి నిమ్మకాయలు కోయించాను. నాలుగు కాయలు. ఎంతసేపు పడుతుంది నాలుగు కాయలకి? ఆ నాలుగు కాయలంతసేపూ మూసిన పెట్టెలోకి మూడు దారుల్లో గ్యాసు పోతోంది.

నేను పెరుగు గిన్నె పట్టుకుని మెట్ల మీద ఉన్నాను. తడి దుప్పటిని ఎవరో గట్టిగా దులిపినట్టు ఒక చప్పుడు. అంతే. పెద్ద పేలుడేం కాదు. పైకి వెళ్ళి చూస్తే మంగ గ్రిల్ ముందు నిలబడి ఉంది. మూత ఎత్తి, మా ఇళ్ళల్లోలా ముందు లైటరే కొట్టినట్టుంది. కుడిచెయ్యి ముందుకు చాపే ఉంది, లైటరు చేతిలోనే ఉంది. కనుబొమలు లేవు. ఓ పక్క జుట్టు లేదు. అరవలేదు. నావైపు తిరిగి, మామూలు గొంతుతో, "అక్కా, ఏమైంది?" అంది.

అయ్య బాబోయ్, ఆ గొంతు. కేక పెట్టినా బాగుండేది.

సీసాలు చల్లబరచడానికి పెట్టిన నీళ్ళ తొట్టి పక్కనే ఉంది. ఆమె చెయ్యి అందులో ముంచాను. అప్పుడు అరిచింది. ఆ అరుపుకి, అప్పుడే మసీదు నుంచి వచ్చిన రెండో అబ్బాయి, డ్రైవరు పరిగెత్తుకొచ్చారు. తడి తువ్వాలు చుట్టి, ఇద్దరూ పట్టుకుని కిందకి దింపారు. నువ్వు గ్యాసు ఆపు, నువ్వు గ్యాసు ఆపు అని వాళ్ళు అరుస్తూ వెళ్ళారు. నేనొక్కదాన్నే పైన మిగిలాను.

గ్రిల్ ఇంకా మండుతూనే ఉంది. మూడు బర్నర్లూ. వంగి సిలిండరు కట్టేశాను. మంటలు చిన్నవై, నీలంగా వణికి, ఆరిపోయాయి. అప్పుడు లేచి చూశాను. మూడు నాబులూ పూర్తిగా తిరిగి ఉన్నాయి. నిన్న సాయంత్రం నేనెలా వదిలానో అలాగే ఉన్నాయి.

తరవాత జరిగింది చెప్పడానికి నాకిప్పటికీ నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. నా చేతులు వణకలేదు. కుడి నాబు కట్టేశాను. ఎడమ నాబు కట్టేశాను. మధ్యదాని మీద చెయ్యి వేసి ఆగాను.

మూడూ తెరిచి ఉంటే నేను వదిలేశానని పెద్దబ్బాయి ఇట్టే పట్టేస్తాడు, ఎందుకంటే వెలిగించేటప్పుడు మూడూ ఒకేసారి ఎవరూ తిప్పరు. మూడూ కట్టేస్తే, కట్టకముందు ఎలా ఉన్నాయి అని నన్నే అడుగుతాడు. మధ్యది ఒక్కటీ తెరిచి ఉంటే? మంగ సిలిండరు తిప్పి, మధ్య నాబు తిప్పి, వెలిగించకుండా మాంసం కోసం కిందకి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. ఇంత లెక్కా ఆ క్షణంలో వేశానా? వేశాను. ఒక మనిషి చర్మం కాలిన వాసన ఇంకా గాల్లో ఉండగా, చదువు పెద్దగా లేని నేను, వకీలులా ఆలోచించాను. నేను అంత తెలివైనదాన్నని నాకప్పటిదాకా తెలియదు. ఛీ.

మధ్య నాబు మీంచి చెయ్యి తీసేశాను. అలాగే వదిలేశాను.

పెద్దబ్బాయి వచ్చాడు. వంగి చూశాడు. మధ్య నాబు చూపించి తల కొట్టుకున్నాడు. నేనేమీ అనలేదు. అనవలసిన అవసరం నేను ముందే తీర్చేశాను కదా.

ఆ సాయంత్రం మేడమ్ నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఆవిడకి హిందీ ముక్కలు వచ్చు, నాకు అరబీ ముక్కలు వచ్చు. పొరపాటు పడే వీల్లేకుండా మూడు వేళ్ళు చూపించి, నిన్న నువ్వు మూడూ కట్టావా అని అడిగింది. మూడూ కట్టాను అన్నాను. నేనూ మూడు వేళ్ళు చూపించాను.

నాలుగో రోజున నన్ను ఆసుపత్రికి పంపారు. మంగ కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. కుడి చెంప మీద మందు. నన్ను చూడగానే లేవబోయింది. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. మిగతా మస్కట్ అంతా మసకబారింది, ఇవి మాత్రం పోవు.

"అక్కా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోవు కదా?"

"అడుగు."

"గురువారం నాబులు కట్టేసేవు కదా?"

"మూడూ కట్టేశాను మంగా."

కట్టు కట్టిన చేతివైపు చూసుకుంది.

"అయితే నేనే తిప్పుంటాను. సిలిండరు తిప్పినట్టు గుర్తుందక్కా. నాబు తిప్పినట్టు అస్సలు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రావట్లేదు."

"కంగారులో గుర్తుండదులే."

"అంతేనంటావా?"

"అంతే."

"అమ్మో, ఎంత పని చేశానక్కా. మేడమ్ గారి మనవడు పొద్దున్న అక్కడే ఆడుకున్నాడు. ఆ పిల్లాడు గాని అక్కడుంటే? తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తంది."

ఏడ్చింది. తన చెయ్యి గురించి కాదు. ఆ పిల్లాడి గురించి, జరగని దాని గురించి, తను చేయని దాని గురించి ఏడ్చింది. నేను ఆమె కన్నీళ్ళు తుడిచాను, చెంప మీద మందు చెరిగిపోకుండా, జాగ్రత్తగా. ఆ పని చేసింది నేనేనా అని ఇప్పటికీ నా చెయ్యి నేను చూసుకుంటాను.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ తరవాత ఇంకా పెద్ద అవకాశం వచ్చింది. అది దేవుడిచ్చిందనే అనుకోవాలి. మూడు వారాలయ్యాక డాక్టరు మేడమ్‌తో చెప్పాడట, వేళ్ళ మధ్య చర్మం దగ్గరకి లాగేసుకుంటోంది, తొడ నుంచి చర్మం తీసి వెయ్యాలి, ఆ తరవాత కొన్ని నెలలు రోజూ వ్యాయామం చేయించాలి, లేకపోతే వేళ్ళు ముడుచుకుపోతాయి అని. మేడమ్ మళ్ళీ నన్ను పిలిచింది. ఈసారి కోపంగా లేదు. మా ఇంట్లోని వస్తువు వల్ల గాని, మా ఇంట్లో ఇంకెవరి తప్పు వల్ల గాని అయితే ఎంతకాలమైనా ఆ అమ్మాయిని నేను చూసుకుంటాను, ఆ అమ్మాయి నిర్లక్ష్యం వల్లే అయితే మాత్రం నా కొడుకులు ఒప్పుకోరు, ఇంటికి పంపేస్తారు, నువ్వు నిజం చెప్పు అంది. నా కళ్ళలోకి చూస్తూ అంది. ఆవిడకి అనుమానం వచ్చిందేమో. వచ్చే ఉంటుంది.

మంగ వేళ్ళు నా నాలుక చివర ఉన్నాయి అప్పుడు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే నేను మూడో రోజున విమానం ఎక్కుతాను. మా పెద్దాడు ఆ ఏడే పదో తరగతి. మావారు ఇంకా ఎండిన చెరువు గట్టు మీద కూర్చునే ఉన్నారు. ఇవన్నీ కారణాలే, నాకు తెలుసు. కానీ మీకు నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నాకు పిల్లలు గుర్తు రాలేదు. మధ్య నాబు గుర్తొచ్చింది. మరచిపోయానని చెబితే క్షమిస్తారు. నాబు అలా వదిలానని చెబితే? అది ఎవరు క్షమిస్తారు? ఆ ఒక్క పనీ చేయకుండా ఉంటే బహుశా చెప్పేదాన్ని. చేశాక ఇంక నోరు రాలేదు.

మూడూ కట్టాను మేడమ్ అన్నాను.

పది రోజులకి మంగ వెళ్ళిపోయింది. చర్మం వెయ్యలేదు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ముందు ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, నువ్వు నీళ్ళలో ముంచకపోతే నా చెయ్యి మొత్తం పోయేదంట అక్కా, డాక్టరు చెప్పాడు, నీ రుణం తీర్చుకోలేను అంది. నేను జాగ్రత్తగా వెళ్ళు అన్నాను. ఆ మాటే వచ్చింది నోటికి.

నేను ఇంకో రెండేళ్ళు చేసి వచ్చాను. మేడమ్ నాకు మంచి పేరిచ్చే పంపింది.

వచ్చాక చెబుదామనుకున్నాను. ఊరికే అనుకోలేదు, బయలుదేరాను కూడా. మూడేళ్ళ క్రితం రావులపాలెంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, దారంతా ఒకే వాక్యం పైకి చెప్పుకుంటూ వెళ్ళాను. ఆటో అబ్బాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మంగ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలోనే పొగ. వాళ్ళమ్మ కుండ ముందు కూర్చుని రేకులు తీస్తోంది. మంగ పక్కన కూర్చుని ఎండు కొబ్బరాకులు విరిచి కుండ కింద మంటలోకి ఎగదోస్తోంది. ఎడమచేత్తో.

కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు అరచేతిలోకి ముడుచుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి. చూపుడు వేలు కొంచెం కదులుతుంది. నేను అంత ఊహించుకోలేదు. ఎనిమిదేళ్ళుగా, కాదు, అప్పటికి ఐదేళ్ళు, ఆ చెయ్యి ఎలా ఉంటుందో రోజూ ఊహించుకున్నాను. అంత ఊహించుకోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

మంగ నన్ను చూసి లేచి, అరిచినంత పని చేసింది. వాళ్ళమ్మ కుండ వదిలి లేచొచ్చింది, రేకు మాడిపోతున్నా చూసుకోలేదు. మా పిల్ల ప్రాణం కాపాడిన తల్లివి నువ్వేనా అమ్మా అంటూ నా కాళ్ళ మీద పడబోయింది. ఆపాను. పక్కింటివాళ్ళు వచ్చారు. కుర్చీ వేశారు. కొబ్బరి బొండాం కొట్టి ఇచ్చారు. నేను తెచ్చుకున్న వాక్యం ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

అప్పుడు మంగ లోపల్నుంచి ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వాళ్ళక్క కూతురు. పది పాసైంది. వచ్చే నెల కువైట్ వెళ్తోంది, ఎవరింట్లోనో పనికి. మంగ తన కుడిచెయ్యి ఎత్తి ఆ అమ్మాయి మొహం ముందు పెట్టింది.

"చూడవే. నిర్లక్ష్యంగా ఉంటే ఇలాగవుద్ది. ఒక్క నాబు తిప్పి మర్చిపోయాను, జీవితాంతం ఇదే. ఈ పెద్దమ్మని చూడు. మూడూ కట్టేసి గాని కిందకొచ్చేది కాదు. ఈవిడలాగుండాలి, తెలిసిందా?" అంది. నావైపు తిరిగి, "నువ్వు నాలుగు మాటలు చెప్పక్కా, నా మాటంటే లెక్కలేదు దీనికి," అంది.

ఆ పిల్ల నావైపు చూసింది. అందరూ చూశారు. నేను నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచాను, ఒట్టు. బయటికి వచ్చిందేమిటో తెలుసా?

"పొయ్యి దగ్గర పని అయ్యాక ముందు నాబులు కట్టాలమ్మా. ఆ తరవాతే సిలిండరు."

ఆ అమ్మాయి బుద్ధిగా తలూపింది.

నాకు నా గొంతే వినబడింది, ఎవరో పరాయి మనిషి గొంతులా. ఇంత దూరం వచ్చింది ఇది చెప్పడానికా? ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మంగ నవ్వుతోంది. నా వల్ల పోయిన చెయ్యిని నా గొప్పకి సాక్ష్యంగా చూపిస్తోంది. నాకు కళ్ళు తిరిగాయి. ఎండ దెబ్బ అనుకుని మొహం మీద నీళ్ళు చల్లారు. మంగ ఎడమచేత్తో విసనకర్ర విసిరింది.

వచ్చేటప్పుడు రేకుల పెట్టె ఇచ్చారు. వద్దంటే వినలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తణుకు దాటాక ఆకలేసింది. విప్పి రెండు తిన్నాను. బాగున్నాయి. ఏం మనిషిని నేను? ఇది కూడా చెప్పకపోతే మీరు నన్ను ఇంకా కొంచెం మంచిదాన్నే అనుకుంటారని చెబుతున్నాను.

మూడేళ్ళయింది. మళ్ళీ వెళ్ళలేదు. మూడు గంటల ప్రయాణం కూడా లేదు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. మీ చెయ్యి కాలలేదు, మీరెలా క్షమిస్తారు? మంగ క్షమిస్తుందేమో. అదే నాకు భయం. పోనీలే అక్కా, కావాలని చేశావా ఏంటి అంటుంది. అప్పుడు మధ్య నాబు సంగతి చెప్పాలి. కావాలనే చేశాను అనాలి. ఆ మాట తరవాత ఆ మొహం ఎలా మారుతుందో చూసే ధైర్యం నాకు లేదు, ఇన్నేళ్ళయినా రాలేదు.

మంగకి చదవడం రాదు. ఆ సంగతి తెలిసే ఇలా పత్రికకి రాసి పంపుతున్నానేమో అని నిన్నంతా నన్ను నేను తిట్టుకున్నాను. నిజమే అయ్యుండొచ్చు. కానీ వాళ్ళక్క కూతురికి చదవడం వచ్చు. ఈపాటికి కువైట్ నుంచి తిరిగొచ్చే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఏ పొట్లం కాగితంలోనో ఇది దాని కంటపడితే పడొచ్చు.

అమ్మాయ్, చదువుతున్నావా? మీ పిన్ని పక్కన కూర్చుని పైకి చదువు. తప్పు ఆమెది కాదు. ఆమె ఏ నాబూ తిప్పలేదు, అందుకే ఆమెకి గుర్తు లేదు. గురువారం సాయంత్రం మూడూ కట్టకుండా వదిలింది నేను. శుక్రవారం మధ్యాహ్నం రెండు కట్టి, మధ్యది ఆమె మీదకి వదిలింది కూడా నేనే. మేడమ్ రెండుసార్లు అడిగినా చెప్పలేదు. ఆమె వేళ్ళు బాగుపడేవి.

ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలిసినది లోకంలో నేనొక్కదాన్నే. ఇప్పుడు ఇంకొకరికి తెలుసు. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.